అధీకృత లీకు

కుంకుళ్ళదిన్నె పురపాలక సంఘంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక్కరోజు సెలవు పెట్టకుండా, వేళ తప్పకుండా పనిచేసినది ఒక్కటే ఉంది. అది పదిహేడో నంబరు వాల్వు దగ్గరున్న లీకు. దాన్ని కనిపెట్టుకుని ఉన్నవాడు మాలకొండయ్య, నీటి సరఫరా విభాగంలో ఆపరేటరు. ఆయన మాత్రం మధ్యలో ఒకసారి పచ్చకామెర్లొచ్చి పదకొండు రోజులు సెలవు పెట్టాడు. ఊరికి నీళ్ళు వదిలేవాడికే కామెర్లేమిటని ఆఫీసులో ఎవరూ అడగలేదు. అడిగితే ఫైలు పెట్టాల్సివస్తుంది.

ఊళ్ళో గొట్టాలన్నీ భూమిలోనే ఉంటాయి గాని, కాలవ దాటేచోట పెద్ద గొట్టం పైకొచ్చి వంతెన పక్కగా పోతుంది. పదిహేడో నంబరు వాల్వు అక్కడుంది. రోజూ పొద్దున ఆరింటికి మాలకొండయ్య ఇనపకడ్డీ తగిలించి దాన్ని ఇరవై రెండు చుట్లు తిప్పితే, అవతల టీచర్ల కాలనీలో కుళాయిలు దగ్గి, తుమ్మి, ఆనక నీళ్ళు పోస్తాయి. ఇవతల కాలవకట్ట మీద అరవై రెండు గుడిసెలున్నాయి. వాటికి కుళాయిల్లేవు. కుళాయి కావాలంటే ఇంటి నంబరుండాలి, ఇంటి నంబరుకు పన్ను రసీదుండాలి, పన్ను కట్టాలంటే పట్టా ఉండాలి, పట్టా ఇద్దామంటే కాలవకట్ట నీటిపారుదల శాఖది. నీళ్ళ శాఖ స్థలంలో కాపురముంటున్నందువల్ల వాళ్ళకు నీళ్ళివ్వడం కుదరదని మునిసిపాలిటీ ఏడు అర్జీలకు ఏడుసార్లు లిఖితపూర్వకంగా తెలియజేసింది.

అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. వాల్వు మెడ దగ్గర రెండు నట్లుంటాయి. నీరు పైకి చిమ్మకుండా వాటి కింద నూనె తాడు కుక్కి ఉంటుంది. ఆ నట్లు చెరో అరచుట్టు వదులు చేస్తే బొటనవేలంత ధార కిందికి పడుతుంది. ఎనిమిదింటికి బిగిస్తే ఆగిపోతుంది. మాలకొండయ్య సెలవు పెట్టినప్పుడు బదులొచ్చినవాడూ అదే చేశాడు. ఈ విద్య మాలకొండయ్యకు ఆయన ముందున్న ఆపరేటరు నేర్పాడు, ఆయనకు అంతకుముందాయన. నేర్పినవాళ్ళందరూ చివర్లో ఒకే మాట చెప్పారు.

"చెయ్యి. కాని యాడా రాయబాక."

ఆ మాటను మాలకొండయ్య ఇరవై ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్నాడు. రిటైర్మెంటు ఇంక పదిహేను నెలలుందనగా రాశాడు.

రాయించింది పైనుంచి దిగిన సర్క్యులరు. 'చుక్క జారని పట్టణం' పేరుతో వారోత్సవాలట. ప్రతి ఆపరేటరూ తన పరిధిలోని లీకులన్నీ ఫారంలో నింపి సంతకం పెట్టాలి, దాచిపెట్టిన లీకు తర్వాత బయటపడితే పెన్షను నిలుపుదల చేస్తారు. పెన్షను అన్న మాటను మాలకొండయ్య రెండుసార్లు చదువుకున్నాడు. ఇంట్లో ఆయనా, మోకాళ్ళరిగిన భార్యా తప్ప ఎవరూ లేరు, ఆ పెన్షను తప్ప ఏమీ లేదు. పదిహేడో నంబరు రాశాడు. 'లీకునకు కారణము' అన్న గడిలో, అబద్ధం రాయడం చేతగాక, 'అరవై రెండు ఇళ్ళు' అని రాశాడు.

అసిస్టెంటు ఇంజనీరు ఉమాకాంతం గారు ఆ ఫారం చూసి కళ్ళద్దాలు తీశారు. "తుప్పు, వాహనాల రద్దీ, ఇతరములు. మూడే ఉన్నాయయ్యా కారణాలు. ఇళ్ళు అనే కారణం లేదు." అని, 'ఇళ్ళు' కొట్టేసి 'ఇతరములు' అని రాసి, మర్నాడు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చి స్వహస్తాలతో రెండు నట్లూ బిగించారు. నట్లు పగిలిపోతాయేమోనన్నంత గట్టిగా బిగించారు.

తర్వాతి పొద్దున ఆదెమ్మ బిందె పట్టుకుని వంతెన దగ్గర నిలబడింది. ఆవిడ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేస్తుంది. సాయంత్రానికి చేతులు జిగురు పట్టి నల్లబడతాయి, కడుక్కోకుండా ముద్ద నోట పెడితే చేదు. కట్ట మీద ఎవరికేం కావాలన్నా ముందుగా నడిచేది ఆవిడే.

"ఏందన్నా, ఇయ్యాల ధార రాలా?"

"రాదమ్మా. వారోత్సవాలు."

"వారం పొయినాక వచ్చిద్దా?"

మాలకొండయ్య ఇనపకడ్డీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.  తన పెన్షను కోసం అరవై రెండు కుండలు బోర్లించినట్టయింది.

సోమవారం అర్జీల రోజున ఆదెమ్మ ఎనిమిదోసారి కుళాయి అడగడానికి వెళ్ళింది. కంప్యూటరు దగ్గరున్న అమ్మాయి 'కొత్త కుళాయి' అని నొక్కితే అది ఇంటి నంబరు అడిగి ఆగిపోయింది. వరండాలో నిలబడి చూస్తున్న మాలకొండయ్య ఉండబట్టలేక లోపలికొచ్చాడు.

"అమ్మాయ్, కొత్తది గాదు. ఉన్నది పొయిందనే గడేమన్నా ఉందేమో చూడు తల్లీ."

ఉంది. 'ఉన్న సదుపాయం పునరుద్ధరణ.' అది ఇంటి నంబరు అడగలేదు, పట్టా అడగలేదు, సదుపాయం పేరు మాత్రం అడిగింది. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి 'లీకు' అని కొట్టింది. కంప్యూటరు రసీదు ఇచ్చింది. కుళాయి అడిగిన అర్జీ కాగితం విడిగా ఫైల్లోకి పోయింది. ఏడు రోజుల్లోగా పునరుద్ధరించకపోతే కమిషనరు గారి పేరు పక్కన ఎర్రచుక్క పడుతుందని ఆ రసీదు కిందే రాసి ఉంది.

కమిషనరు సుధాంశు గారికి ఇరవై తొమ్మిదేళ్ళు. అప్పటిదాకా ఆయన పేరు పక్కన ఎర్రచుక్క పడలేదు. ఆరో రోజున అందరినీ సమావేశపరిచారు.

"ఇక్కడ మనం రెండు అంశాలను విస్పష్టంగా వేరు చేసుకోవాలి," అన్నారు. "ఉద్దేశపూర్వకంగా నీరిస్తే అది సరఫరా. ఆక్షేపణీయ స్థలంలో, అంటే కాలవకట్టలాంటి చోట, సరఫరా నిషిద్ధం. ఉద్దేశం లేకుండా నీరు పడితే అది లీకు. లీకుకు స్థలంతో నిమిత్తం లేదు. కాబట్టి లీకును సమర్థవంతంగా నిర్వహించడానికి మనకు ఎలాంటి అభ్యంతరమూ ఉండరాదు. అయితే ఒక్కటి. అందులో మన ఉద్దేశం ఏ దశలోనూ కనపడకూడదు."

"కనపడకుండా చూసుకుంటాం సార్," అన్నారు ఉమాకాంతం గారు.

అలా పదిహేడో నంబరు వాల్వు దగ్గరి లీకు 'అధీకృత లీకు నం. 1' అయింది. నిమిషానికి పద్దెనిమిది లీటర్లకు తగ్గకుండా, పెరగకుండా కారాలన్నారు. ఆరు నుంచి ఎనిమిది దాకానే కారాలన్నారు. ఆపరేటరు ప్రతిరోజూ ఒక ధ్రువపత్రం దాఖలు చేయాలి: 'ఈ దినము ఉదయం ఆరు గంటల నుండి ఎనిమిది గంటల వరకు నీరు ప్రమాదవశాత్తు కారినదని, ఇందులో నా ప్రమేయం ఏమియు లేదని ధ్రువీకరించడమైనది.' మాలకొండయ్య పొద్దున్నే నట్లు వదులు చేసి, అదే స్పానరు కాగితం మీద బరువు పెట్టుకుని, తన ప్రమేయం లేదని సంతకం పెట్టేవాడు.

చిక్కల్లా ఆడవాళ్ళతో వచ్చింది. వరసలో బిందెలు పెడితే నీళ్ళు వస్తాయని ముందే తెలిసినట్టు లెక్క. తెలిస్తే ప్రమాదం ఎలా అవుతుంది? అంచేత కట్టవాళ్ళు వరస కట్టరాదని, నీటి కోసం వేచి ఉన్నట్టు నిలబడరాదని, దైవికంగా ఆ దారిన పోతున్నట్టు పోవాలని మెమో వచ్చింది. మెమో కాలవకట్ట పేరు మీద ఇవ్వడానికి లేదు, అక్కడ ఎవరూ నివసిస్తున్నట్టు దాఖలా లేదు. అందుకని మాలకొండయ్యకిచ్చారు.

"అంటే ఏం జెయ్యాలన్నా?" అంది ఆదెమ్మ.

"ఊరికే అట్టా పోతా ఉండాలమ్మా. పోతా పోతా నీళ్ళు పడుతుంటే, అరే నీళ్ళు పడుతున్నయ్యే అనుకుని పట్టుకోవాలి."

"బిందె ఎందుకు తెచ్చుకున్నావంటే?"

దానికి జవాబు కూడా ఆదెమ్మే ఆలోచించింది. నెలకోసారి తనిఖీ అంటే చాలు, కట్ట మీది అరవై మంది ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని వంతెన మీద ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం మొదలుపెట్టేవాళ్ళు. ఒకసారి కమిషనరు గారు జీపు దిగి ఆదెమ్మను పలకరించారు.

"ఎక్కడికమ్మా వెళుతున్నారు?"

"ఊరికే ఇట్టా పోతా ఉన్నాం సార్."

"బిందె ఎందుకు?"

"చంక ఖాళీగా ఉంటే తోచదు సార్, అలవాటు."

కమిషనరు గారు తృప్తిగా తలాడించి, 'ప్రజల్లో సహజ సంచారం గమనించడమైనది' అని రాసుకున్నారు. వెనక నిలబడ్డ మాలకొండయ్య లెక్కపెడుతున్నాడు. ఎనిమిది నెలల కడుపుతో ఉన్న పిల్ల అప్పటికి ఆ వంతెన మీద తొమ్మిదిసార్లు అటూ ఇటూ తిరిగింది.

లీకు పేరు ఊరంతా పాకింది. చివరికి టీచర్ల కాలనీ నుంచి రిటైర్డు హెడ్మాస్టరు భుజంగరావు గారి నాయకత్వాన ప్రతినిధి వర్గం వచ్చింది. తమ కుళాయిలు పెట్టినప్పటి నుంచి ఎన్ని లీటర్లు వస్తున్నాయో కొలిచిన నాథుడు లేడనీ, లీకును మాత్రం వారం వారం కొలుస్తున్నారనీ, పరీక్షకు సీసాలో పట్టుకెళుతున్నారనీ, కమిషనరు గారు స్వయంగా వచ్చి చూస్తున్నారనీ, తామేం పాపం చేశామనీ వాళ్ళ బాధ.

"మేం పన్ను కట్టేవాళ్ళం. మాకు కుళాయిలు తీసేసి లీకులివ్వండి," అన్నారు భుజంగరావు గారు.

నెల తిరిగేసరికి అలాంటి అర్జీలు ఇరవై మూడు వచ్చాయి. ఒక కౌన్సిలరు తన వార్డులో ఇంటింటికీ లీకు ఇప్పిస్తానని మైకులో చెప్పించాడు. అర్హులను ఎంపిక చేయడానికి ఒక కమిటీ వేశారు.

ఈ వైభవం ఇలా సాగుతుండగా ఊరికి కొత్త గొట్టాలొచ్చాయి. పాత ఇనపగొట్టం పెరికి నల్ల ప్లాస్టిక్ గొట్టం వేశారు, వాల్వు కూడా మార్చారు. పదేళ్ళపాటు చుక్క కారదని గ్యారంటీ. ఆ పొద్దున మాలకొండయ్య స్పానరు పట్టుకుని కొత్త వాల్వు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెడ దగ్గర తడిమాడు. నట్లు లేవు. వదులు చేయడానికి ఏమీ లేదు. వంతెన మీద ఆడవాళ్ళు అలవాటు కొద్దీ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు.

"నడవడం ఆపండమ్మా," అన్నాడాయన. "ఇంక ఎంత నడిచినా పడవు."

అది మే నెల. అడుగున పచ్చగా మిగిలిన కాలవ నీళ్ళే దిక్కయ్యాయి. ఆరో రోజుకు కట్ట మీద ఇద్దరికి వాంతులు పట్టుకున్నాయి. ఇరవయ్యో రోజున, కడుపుతో వంతెన మీద తిరిగి ఆ మధ్యే కానుపైన పిల్లకు కళ్ళు పచ్చబడ్డాయి. మాలకొండయ్య ఆ కళ్ళు చూసి, తను పదకొండు రోజులు మంచం మీద పడి ఉన్నప్పటి నోటిచేదు జ్ఞాపకమొచ్చి, తిన్నగా ఆఫీసుకు పోయాడు.

"లీకు పునరుద్ధరణ ఫైలు నడుస్తోంది," అన్నారు ఉమాకాంతం గారు. "కాని కొత్త గొట్టం కారిందంటే గ్యారంటీ ఉల్లంఘన, కాంట్రాక్టరు మీద చర్య తీసుకోవాలి. పాత గొట్టం ముక్క ఒకటి తెచ్చి, దానికి లీకు పెట్టి, పక్కన విడిగా అమర్చే ప్రతిపాదన పైకి పంపాం. మూడు నెలలు పట్టొచ్చు."

"పిల్లకు కామెర్లొచ్చినయ్యి సార్."

"అది ఆరోగ్య విభాగం."

"నాకు తెలిసిన మార్గం ఒకటుంది సార్."

"నీకు నెలన్నర సర్వీసుంది మాలకొండయ్యా," అన్నారు ఉమాకాంతం గారు, ఈసారి మెత్తగానే. "ఊరుకో. బుద్ధిగా పెన్షను తెచ్చుకో."

మాలకొండయ్య ఊరుకుందామనే ఇంటికి పోయాడు. పొద్దుటి దాకా ఊరుకున్నాడు కూడా. మర్నాడు మిట్టమధ్యాహ్నం, లైన్లో నీళ్ళు లేని వేళ, వంతెన దగ్గర గొట్టానికి ఇనప పట్టీ బిగించి, రంధ్రం పెట్టి, అర అంగుళం ఇత్తడి కుళాయి తగిలించాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఊళ్ళో ఇలాంటివి నాలుగు వందలు పెట్టి ఉంటాడు గాని, పెడుతూ చుట్టూ చూసుకున్నది దీనికొక్కదానికే. తర్వాతి పొద్దున ఆరింటికి ఆదెమ్మ పిడి తిప్పింది. నీళ్ళు పడ్డాయి. ఆవిడ ఏమీ అనకుండా మొహం కడుక్కుని, ముందు పచ్చకళ్ళ పిల్ల గుడిసెకు ఒక బిందె పంపించింది. మాలకొండయ్య ఎప్పటిలాగే నీరు ప్రమాదవశాత్తు కారినదని సంతకం పెట్టాడు.

పన్నెండో రోజున జీపొచ్చింది. కమిషనరు గారు, ఉమాకాంతం గారు, కాంట్రాక్టరు దిగారు. ముగ్గురూ కుళాయి చుట్టూ నిలబడి దాన్నే చూశారు.

"ఏమిటిది?" అన్నారు కమిషనరు గారు.

"లీకు సార్," అన్నాడు మాలకొండయ్య. 

"ఇది కుళాయి. ఆక్షేపణీయ స్థలంలో కుళాయి. అంటే అక్రమ కనెక్షను. అంటే సస్పెన్షను, పెన్షను నిలుపుదల. రాయండి ఉమాకాంతం గారూ."

ఉమాకాంతం గారు కలం తీసి ఆగిపోయారు. "రాయొచ్చు సార్. కాని మన పరిధిలో కుళాయి ఉందని రాస్తే, అది పెట్టింది పన్నెండు రోజుల కిందటైతే, పన్నెండు రోజులూ మనం ఏం చేస్తున్నామని పైవాళ్ళు అడుగుతారు. ఆ పన్నెండు రోజుల ధ్రువపత్రాల మీదా తమరి సంతకం ఉంది."

"అయితే లీకనే రాయండి."

"లీకని రాస్తే నా గ్యారంటీ పోద్ది సార్," అన్నాడు కాంట్రాక్టరు. "పట్టణానికి 'చుక్క జారని' సర్టిఫికెట్ కూడా పోద్ది. మొన్ననే తమరు సన్మానం చేయించుకున్నారు."

కుళాయి అంటే నేరం, లీకంటే అవమానం. నీళ్ళు మాత్రం ధారగా పడుతూనే ఉన్నాయి. కమిషనరు గారు రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. అప్పటిదాకా ఊరికే అటుగా పోతున్న ఆదెమ్మ ఆగి, వంగి, పిడి తిప్పింది. ధార ఆగింది.

"ఇప్పుడేమన్నా కారతందా సార్?" అంది.

 కాంట్రాక్టరు మొహం ముందుగా విప్పారింది. గ్యారంటీ పత్రం తీసి చదివాడు. ఏదైనా లీకు ఏర్పడిన పక్షంలో ఇరవై నాలుగు గంటల్లోగా సరిచేసినట్లయితే ఉల్లంఘన కాదని అందులో ఉంది.

"అద్భుతం," అన్నారు కమిషనరు గారు. "ఉదయం ఆరింటికి లీకు ఏర్పడుతుంది. ఎనిమిదింటికల్లా సరిచేస్తున్నాం. ఇరవై నాలుగు గంటల గడువున్నా రెండే గంటల్లో సరిచేస్తున్నాం. మర్నాడు మళ్ళీ ఏర్పడుతుంది. దానికి మనమేం చేస్తాం? ప్రమాదం. మళ్ళీ సరిచేస్తాం." ఆయన కళ్ళల్లో ఉత్సాహం తిరిగొచ్చింది. "ఏడాదికి మూడు వందల అరవై ఐదు లీకులు, మూడు వందల అరవై ఐదూ రెండు గంటల్లోగా సరి. ఉమాకాంతం గారూ, రాష్ట్రంలో ఎవరికన్నా ఉందా ఈ రికార్డు?"

"ఉండదు సార్. వాళ్ళకు అన్ని లీకులుండవు."

"కాని ఆ పిడి," అన్నారు కమిషనరు గారు జీపెక్కుతూ. "పిడి ఉంటే చూసేవాళ్ళకు కుళాయిలా కనపడుతుంది. అందులో ఉద్దేశం ఉంది. దాన్ని తీసేయండి."

జీపు పోయాక మాలకొండయ్య స్పానరుతో పిడి ఊడదీశాడు. అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి ఆదెమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని కొంగున ముడివేసుకుని బొడ్లో దోపుకుంది. అప్పటినుంచి పొద్దున ఆరింటికి వంతెన మీద ఊరికే అట్టా పోతూ, ముడి విప్పి, పిడి తగిలించి తిప్పుతుంది. ఎనిమిదింటికి మూసి పిడి తీసుకుపోతుంది. లీకు ఏర్పడ్డం, సరికావడం రెండూ ఆవిడ కొంగులోనే ఉన్నాయి.

అత్యంత వేగంగా లీకులు సరిచేసిన పట్టణంగా కుంకుళ్ళదిన్నెకు రాష్ట్రంలో మొదటి బహుమతి వచ్చింది. కమిషనరు గారికి పెద్ద ఊరికి బదిలీ అయింది. మాలకొండయ్య రిటైరైన రోజున శాలువా కప్పి, సర్వీసు పుస్తకం నకలు చేతిలో పెట్టారు. చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: 'ఇతని పరిధిలో లీకులు అత్యధికముగా సంభవించినవి.' పెన్షను మాత్రం వచ్చింది. ఆ వాక్యాన్ని ఆయన ఇంటికెళ్ళి భార్యకు చదివి వినిపించలేకపోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళు జనానికి నీళ్ళిచ్చాడు, ఇచ్చానని చెప్పుకునేందుకు ఒక్క కాగితం లేదు.

తర్వాత వారానికి, కుళాయి కోసం ఆదెమ్మ అప్పుడిచ్చిన ఎనిమిదో అర్జీ కాగితానికి జవాబొచ్చింది. చదివించుకోవడానికి మాలకొండయ్య దగ్గరికి తెచ్చింది. ఇద్దరూ వంతెన గోడ మీద కూర్చున్నారు.

"'తమ ప్రాంతము ఆక్షేపణీయ స్థలమైనందున కుళాయి మంజూరు చేయుటకు వీలుపడదు. అయినను తమ ప్రాంతములో సంభవించు లీకులను ఎప్పటికప్పుడు సరిచేయుచున్నామని సంతోషముతో తెలియజేయడమైనది.'"

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. కింద సంతకం."

కొత్త కుళాయే అయినా, పిడి రోజూ ఊడదీసి తగిలించడం వల్ల మెడ దగ్గర అరిగి, రెండు రోజులుగా చుక్క చుక్క కారుతోంది. ఆదెమ్మ మాలకొండయ్య చేతిలోంచి కాగితం తీసుకుంది. నిలువుగా చింపి, నోట తడిపి, తాడులా పేని కుళాయి మెడ చుట్టూ చుట్టి, గోటితో లోపలికి కుక్కింది. ఎలా కుక్కాలో మాలకొండయ్యే చెప్పాడు.  చుక్క ఆగింది.